భుజం కాసిన మనిషి

ఎముకల విభాగంలో చేరిన రోజే ఆమెకి ఆ పేరు పడింది. పొట్టిగా, సన్నగా, తెల్లకోటులో సగం మునిగిపోయి తలుపు పక్కన నిలబడ్డ ఆ అమ్మాయిని పెద్దసారు కళ్ళద్దాల మీదుగా చూసి, "ఈ పిట్ట ఎముకలు అతికిస్తుందా, కిటికీలో గూడు కట్టుకుంటుందా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

ఎముకల పనంటే అప్పట్లో కండలు తిరిగిన మగవాళ్ళదే. సుత్తి, ఉలి, రంపం, డ్రిల్లు, ఆపరేషన్ బల్ల పక్కన పేర్చిన సామాను చూస్తే వడ్రంగి కొట్టు గుర్తొచ్చేది. ఆడపిల్లవి, ఏ కంటి డాక్టరో చర్మం డాక్టరో అయి చల్లగా ఉండక నీకెందుకమ్మా ఈ కుస్తీ అని హితవు చెప్పనివాళ్ళు లేరు. పిట్ట ఎవరికీ ఎదురు చెప్పలేదు. వినేది, తలూపేది, మర్నాడు అందరికంటే ముందొచ్చి వార్డులో నిలబడేది. పేరు మాత్రం ఊడలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆమె దగ్గర చదువుకున్న డాక్టర్లు కూడా చాటుగా పిట్ట మేడమ్ అనే అనుకునేవాళ్ళు.

పెద్దసారు భుజాలకీ మోచేతులకీ డాక్టరు. మోకాళ్ళవాళ్ళు, తుంటివాళ్ళు, వెన్నువాళ్ళు వీధికొకరు దొరికేవారు గానీ భుజం జోలికి ఎవరూ పోయేవారు కాదు. "మోకాలు తలుపు లాంటిది, ఒక పక్కకే తెరుచుకుంటుంది. తుంటి గిన్నెలో బంతి, ఎటూ పోదు. భుజం సాసర్లో పెట్టిన బంతి. చుట్టూ ఉన్న కండరాలు నలుగురు అన్నదమ్ముల్లా పట్టుకుంటేనే అది అక్కడ నిలుస్తుంది. ఒక్కడు అలిగాడా, సంసారం వీధిన పడ్డట్టే," అనేవారు ఆయన. పాఠమైనా తిట్టైనా ఆయన నోట ఇలాగే వచ్చేది.

పిట్టని భుజం వైపు లాగింది మాత్రం పాఠం కాదు. క్షౌరశాలలో జుట్టు కత్తిరించే ఒకతను చెయ్యి పైకి లేవక, పని పోగొట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. పెద్దసారు తెగిన కండరాన్ని లాక్కొచ్చి ఎముకకి కుట్టారు. కొన్ని నెలలకి అతను ఓపీలో అందరి ముందూ చెయ్యెత్తి, గాలిలో కత్తెర ఆడించినట్టు రెండు వేళ్ళు టకటకలాడించాడు. తర్వాత ఆ చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. పిట్ట ఆ సాయంత్రమే పెద్దసారు గది ముందు నిలబడింది.

"సార్, నేను మీ దగ్గరే నేర్చుకుంటాను."

"ఏం, మోకాళ్ళ దగ్గర జాగా లేదా?"

"ఉంది సార్. నాకు భుజమే కావాలి."

ఆయన ఆమె వంక కాసేపు చూసి, బల్ల సొరుగులోంచి చెయ్యి వేలాడదీసే కట్టు తీశారు. భేషుగ్గా ఉన్న ఆమె కుడిచేతిని మడిచి ఒంటికి కట్టేశారు. "నేను విప్పేదాకా విప్పకు. ఇంటికెళ్ళినా సరే. రోగికి ఏం చేస్తావో ముందు నీకు తెలియాలి."

వారం రోజులు ఆ కట్టుతోనే ఉంది. కొళాయి తిప్పలేకపోయింది, గుండీ పెట్టుకోలేకపోయింది. వాళ్ళమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆవిడే అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది. "ఇదేం చదువే తల్లీ! బాగున్న చెయ్యి అవిటి చేసుకునే చదువు నేనెక్కడా వినలేదు," అని దువ్వెనతో నెత్తి మీద ఒకటిచ్చేది. నాలుగో రోజో ఐదో రోజో, ఎడంచేత్తో అన్నం తింటుంటే సగం ఒళ్ళో పడేసరికి పిట్టకి ఒళ్ళు మండి కంచం తోసేసింది. ఎందుకంత కోపం వచ్చిందో తనకే తెలియలేదు.

కట్టు విప్పుతూ పెద్దసారు అడిగారు. "ఏం తెలిసింది?"

"నొప్పి పెద్ద విషయం కాదు సార్. ప్రతిదానికీ ఇంకొకర్ని అడగడం, అదే సిగ్గు."

ఆయన "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర ఎవరికీ దొరకదని పిట్టకి తర్వాత తెలిసింది.

అలా మొదలైంది. మోచేతి ఆపరేషన్లో ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే. మోచేతి లోపలి అంచున ఒక నరం ఉంటుంది. బల్లకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అది. "ముందు నరం ఎక్కడుందో చూపించు. తర్వాతే ఎముక ముట్టుకో. ఎముక విరిగితే అతుక్కుంటుంది, నరం తెగితే చెయ్యి ఉండీ లేనట్టే." పిట్ట తొందరపడితే చేతిలో ఉన్న పరికరంతో ఆమె వేళ్ళ మీద టక్కున కొట్టేవారు. "తొందరపడే డాక్టరు ఒకే ఆపరేషన్ రెండుసార్లు చేస్తాడు." ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి ఆ ఎర్రబడ్డ వేళ్ళు చూపిస్తే, "పోనీలే, నువ్వూ కుట్టుపనికే వచ్చావు. నేనూ మా అమ్మ దగ్గర దెబ్బలు తినే నేర్చుకున్నా," అని నవ్వేది.

పెద్దసారు భార్య వ్యాయామం టీచరు. పొడుగ్గా, దిట్టంగా, ఇల్లెగిరిపోయేట్టు నవ్వే మనిషి. పిల్లల్లేరు. పిట్ట మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి "మేడమ్" అని పిలిస్తే ఆవిడ గరిటె ఎత్తింది. "మేడమ్ ఏంటి, బళ్ళో పిల్లలకే విసుగొచ్చింది ఆ పిలుపుతో. పిన్నీ అను." అప్పట్నుంచీ పిన్నే. "మీ సారు ఊరందరి భుజాలూ బాగుచేస్తారు గానీ, ఈ ఇంట్లో బరువులన్నీ నావే," అని పిన్ని ఎగతాళి చేస్తుంటే, పెద్దసారు పేపరు చాటున నవ్వుకునేవారు. ఆసుపత్రిలో ఎవరూ చూడని నవ్వు అది.

చదువు పూర్తయ్యాక పిట్ట వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి, చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి భుజం లోపల పనిచేసే విద్య నేర్చుకొచ్చింది. తిరిగొచ్చేసరికి పెద్దసారు తలలో నల్ల వెంట్రుక మిగల్లేదు. ఆయన స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, "ఇది నాకు రాదు. చెప్పు, నేర్చుకుంటాను," అన్నారు. తెర మీద చూస్తూ పనిచెయ్యడం ఆయన చేతులకి అలవాటు కాక మొదట్లో తడబడ్డారు. పిట్టకి ఆయన వేళ్ళ మీద కొట్టే ధైర్యం లేదు. ఆయనే, "కొట్టవే, కొడితేనే వస్తుంది," అనేవారు. ఇద్దరూ ఒకే బల్లకి చెరోపక్కా నిలబడి చాలా ఏళ్ళు పనిచేశారు. మధ్యలో పిట్టకి పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, వాళ్ళమ్మ పోయింది. తల్లి పోయిన రోజున పిన్నే తనింట్లో అందరికీ అన్నం వండి తెచ్చింది. పెద్దసారు వరండాలో కూర్చుని సాయంత్రం దాకా కదల్లేదు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం ఆయన పిట్ట గదిలోకి వచ్చి, రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు.

"కుడి భుజం పట్టేసిందే. వాడి వాడి తుప్పు పట్టినట్టుంది. చూడు."

భుజం పట్టెయ్యడం కొత్త విషయం కాదు. ఆ వయసులో చాలామందికి కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది, ఏడాదో రెండేళ్ళో బాధపెట్టి దానంతటదే వదులుతుంది. పిట్ట ఒక సూది వేసింది, కసరత్తులు చెప్పింది. "నాకే చెబుతున్నావా కసరత్తులు!" అని నవ్వుతూ వెళ్ళారు. నెలలు గడిచినా భుజం వదల్లేదు సరికదా, ఇంకా బిగిసింది. ఈసారి పిన్ని కూడా వెంట వచ్చింది.

పిట్ట ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. భుజం తిప్పి చూసి, ఎందుకో మోచెయ్యి కూడా మడిచి చూసింది. చెయ్యి మెత్తగా రాలేదు. పళ్ళచక్రం ఒక్కో పన్నూ దాటుతున్నట్టు ఆగి ఆగి కదిలింది.

"చెయ్యి వదిలెయ్యండి సార్. నాకు వదిలెయ్యండి."

"వదిలేశాను కదా."

అది భుజం జబ్బు కాదు. మెదడులో మొదలై ఒళ్ళంతా నెమ్మదిగా కొయ్య చేసే జబ్బు. వణుకు రాకముందే, ఎవరికీ అనుమానం రాకముందే, ఒక్కోసారి అది భుజం పట్టెయ్యడంలాగే మొదలవుతుంది. ఆ సంగతి ఆమెకి పాఠంగా చెప్పింది ఆయనే.

పిన్ని కుర్చీలోంచి మామూలుగా అంది. "భుజం సంగతి అలా ఉంచు, ముక్కు కూడా పోయిందమ్మా మీ సారుకి. మొన్న పాలు పొంగి మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు."

వాసన తెలియకపోవడమూ ఆ జబ్బు గుర్తే. "సార్, ఒకసారి తలుపు దాకా నడిచి రండి," అంది పిట్ట. ఆయన నడిచారు. ఎడంచెయ్యి ఊగింది. కుడిచెయ్యి ఒంటికి అంటుకుని ఉండిపోయింది. తిరిగొచ్చి కూర్చునేసరికి ఆయన మొహంలో ఏ భావమూ లేదు. అది గాంభీర్యమో జబ్బో ఇప్పుడు చెప్పడం కష్టం.

"చెప్పు," అన్నారు.

"నరాల డాక్టరుకి ఒకసారి చూపిద్దాం సార్."

"నేల చూసి చెప్పకు. రోగికి చెప్పేటప్పుడు మొహం చూసి చెప్పాలని నేర్పానా లేదా?"

పిట్ట తలెత్తింది. "పార్కిన్సన్ అనుకుంటున్నాను సార్."

పిన్ని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెద్దసారు లేచి చొక్కా గుండీలు పెట్టుకోబోయారు. పై గుండీ ఎంతకీ కాజాలో దూరలేదు. పిన్ని సాయం చెయ్యబోతే ఆవిడ చెయ్యి తోసేశారు. "భుజం డాక్టరువి భుజం చూడు. లేనిపోని పెత్తనాలు చెయ్యకు," అని గుండీ వదిలేసి బయటికి నడిచారు.

నరాల డాక్టరు దగ్గరికి ఆయన వెళ్ళలేదు. ఎప్పటిలాగే ఆపరేషన్లకి వస్తూనే ఉన్నారు. థియేటర్లో సిస్టర్లు ఏదో గమనించారు గానీ పెద్దసారుతో అనే గుండె ఎవరికుంది? కుట్టు వెయ్యడానికి ఇంతకుముందు కంటే ఎక్కువసేపు పట్టేది. ఒకసారి సూది పట్టుకునే పరికరం చేతిలోంచి జారింది. "చెమట," అన్నారు. గది చల్లగా ఉంది.

అప్పుడు ఒక పసిబిడ్డ తల్లిని తీసుకొచ్చారు. బండి మీంచి పడి మోచెయ్యి నుజ్జునుజ్జయింది. ఎక్స్‌రేలో ఎముక పగిలిన పెంకులా ఉంది, ముక్కల మధ్యలో ఎక్కడో ఆ నరం ఉంది. పెద్దసారు ఆపరేషన్ తానే చేస్తానన్నారు. ఇలాంటివి ఎప్పుడూ ఆయనవే.

పిట్ట ఆ ఉదయం చేతులు కడుక్కునే చోటికి ఆయనకంటే ముందే వచ్చి నిలబడింది. ఆయన కొళాయి కింద చేతులు పెట్టి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నారు. ఎడంచేతి వేళ్ళు చకచకా కదిలాయి. కుడిచేతివి వెనకబడ్డాయి.

"సార్, ఈ కేసు నేను చేస్తాను."

"పక్కన నిలబడి సాయం చెయ్యి. చాలు."

"లేదు సార్. నేనే చేస్తాను. మీరు లోపలికి రావద్దు."

నీళ్ళు పారుతూనే ఉన్నాయి. లోపల మత్తు డాక్టరు అద్దంలోంచి చూసి మొహం తిప్పుకున్నాడు. గౌను పట్టుకుని నిలబడ్డ సిస్టరు రెండడుగులు వెనక్కి వేసింది. పెద్దసారు గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నా కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగలేకపోయావా?"

పిట్టకి ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళలో ఆయన తిట్టని తిట్టు లేదు, కానీ ఇలాంటిది ఎప్పుడూ అనలేదు. "కుర్చీ మీదే సార్, ఎప్పటికీ. ఈ మోచెయ్యి మాత్రం నాకివ్వండి. ఆవిడకి చంటిపిల్లుంది," అంది.

కడుక్కున్న చేతుల్ని డాక్టర్లు పైకెత్తే ఉంచుతారు. నడుం కిందికి దించారంటే ఇక ఆ చేతులు ఆపరేషన్‌కి పనికిరావు, మళ్ళీ మొదట్నుంచీ కడుక్కోవాలి. పెద్దసారు కాసేపు అలాగే చేతులెత్తి నిలబడ్డారు. నీళ్ళు మోచేతుల మీంచి చుక్కలు చుక్కలుగా కారాయి. తర్వాత రెండు చేతులూ మెల్లగా కిందికి దించేసి, తువ్వాలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు.

పిట్ట లోపలికెళ్ళింది. నరం వెతికింది, పట్టుకుంది, పక్కకి భద్రంగా పెట్టింది. ముక్కలన్నీ ఒక్కొక్కటే పేర్చి బిగించింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. అంతా అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూలబడి, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చింది. సిస్టరు తలుపు దగ్గరగా వేసి, బయట కాపలా నిలబడింది.

పెద్దసారు మళ్ళీ ఆసుపత్రికి రాలేదు. రాజీనామా ఎవరిచేతో పంపించారు. ఆఖరికి వెళ్ళి చూపించుకుంటే నరాల డాక్టరు కూడా అదే జబ్బని చెప్పాడని పిన్ని ఫోన్లో చెప్పింది. "నీ మీద కోపం కాదమ్మా, ఆయనకి ఆయన మీదే కోపం," అంది. పిట్టకి నమ్మకం కలగలేదు.

అయినా ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. ఈమె వెనక కుర్చీలో కూర్చునేది. పలకరిస్తే పలికేవారు కాదు. చేసేదేంలేక ఆ వారం చేసిన ఆపరేషన్లు గోడకి చెప్పినట్టు చెప్పేది. పిన్ని కాఫీ ఇచ్చి, "గోడకైనా చెవులుంటాయిలే," అనేది. అలా ఏడాది దాటిపోయింది. ఒకరోజు ఒక మోచేతి కేసు చెబుతుంటే, కిటికీ వైపునుంచి సన్నగా గొంతు వినిపించింది. "నరం ఎక్కడుంది?"

పిట్ట కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "ముందే పట్టుకున్నాను సార్," అంది.

"ఊఁ."

ఆ తర్వాత ఆయన కుర్చీ ఇటు తిప్పించుకున్నారు. ఆ రోజు చేతులు కడుక్కునే చోట జరిగిన సంగతి ఆయనా ఎత్తలేదు, పిట్టా ఎత్తలేదు. జబ్బు తన పని తాను చేసుకుపోయింది. ఆయన నడక చిన్న చిన్న అడుగులయింది, గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి, ఒకసారి స్నానాలగదిలో పడిపోయారు కూడా. గొంతు రోజురోజుకీ సన్నగిల్లి చివరికి గుసగుసయింది. ఆయన ఏదో అనబోతే పిట్ట సగంలోనే అందుకుని, ఆయన అడగబోయేది ఇదే అనుకుని, ఆ వారం కేసు చెప్పుకుపోయేది. కష్టపడి మాట్లాడించడం ఎందుకని. పిన్ని ఆయన్ని కుర్చీలోంచి లేపేది, మంచం మీద తిప్పేది, స్నానం చేయించేది. "పనిమనిషిని పెట్టుకోండి పిన్నీ," అంటే, "నేనేం ముసలిదాన్నయ్యానా?" అని కసిరేది.

వానాకాలంలో ఆయనకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే పై అంతస్తులో పడుకోబెట్టారు. పిట్ట పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసేది. ఒక ఉదయం ఆమె కింద ఆపరేషన్లో ఉండగా ఆయన పోయారు. కబురు థియేటర్‌కి ముందే వచ్చింది. సిస్టరు విని, ఆఖరి కుట్టు పడేదాకా నోరు విప్పలేదు. చేతి తొడుగులు విప్పుతున్న పిట్ట, సిస్టరు మొహం చూసే గ్రహించింది. ఆమె పైకి వెళ్ళేసరికి పిన్ని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయన కాళ్ళ మీది దుప్పటి ఎడంచేత్తో సర్దుతోంది.

ఊళ్ళో సగం భుజాలు ఆయన సరిచేసినవే అన్నట్టు జనం వచ్చారు. రెండు వారాలు ఆ ఇంట్లో మనుషులు మెదిలారు. తర్వాత ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఆ నెల్లోనే, ఓపీలో పిట్ట తలెత్తకుండా, "తర్వాతివాళ్ళు రండి," అంది. టోకెన్ చీటీ బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది పిన్ని.

"పిన్నీ! క్యూలో కూర్చున్నారా? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా!"

"భుజం నొప్పని ఇంటికొచ్చినవాళ్ళని మీ సారు ఓపీకి రమ్మని తరిమేవారు. నాకు మాత్రం వేరే న్యాయమా?" అని నవ్వబోయి, "కుడిచెయ్యి లేవట్లేదమ్మా," అంది.

పిట్ట ఆవిడ వెనక్కి వచ్చి నిలబడి చూసింది. వీపు రెక్క మీద కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. ఒకప్పుడు ఇనపగుండు విసిరిన భుజం. చెయ్యి తనే ఎత్తి పట్టుకుని, "ఇక్కడ నిలపండి," అని వదిలింది. చెయ్యి కొమ్మ విరిగినట్టు కిందికి పడిపోయింది. స్కాన్ తీయిస్తే ఉన్నదంతా బయటపడింది. కండరం ఎముక నుంచి తెగి ఏళ్ళయింది. తెగిన కొస లోపలికి ముడుచుకుపోయి, కండంతా కొవ్వుగా మారిపోయింది. కుట్టడానికి అక్కడ గుడ్డే మిగల్లేదు.

"ఎప్పట్నుంచి పిన్నీ?"

"ఆయన స్నానాలగదిలో పడ్డారు చూడు, ఆ రోజు. లేపుతుంటే లోపల టప్పుమంది."

పిట్ట లెక్క వేసుకోబోయి మానేసింది. "అప్పుడే చెబితే కుట్టేదాన్ని. మామూలు ఆపరేషన్."

"కుట్టి?"

"చెయ్యి కొన్నాళ్ళు కట్టేసి ఉంచాలి. తర్వాత ఒక ఆర్నెల్లు బరువు ఎత్తకూడదు."

"మరి ఆ ఆర్నెల్లూ ఆయన్నెవరు లేపేవాళ్ళు?"

"మనిషిని పెట్టేవాళ్ళం."

"నువ్వు లేనప్పుడు ఒకసారి పెట్టి చూశానమ్మా. పరాయి చెయ్యి తగిలితే ఆయన ఇంకా కొయ్యబారిపోయేవారు. నేను పట్టుకుంటేనే అడుగు పడేది." పిన్ని తన భుజాన్ని రెండో చేత్తో నిమురుకుంది. "ఆయన మొదటి రోజే కనిపెట్టేశారు. నీకు చెప్పమని ఒకటే పోరు. నేను వినలేదు. నువ్వొచ్చినప్పుడల్లా ఆయనే చెప్పబోయేవారు. భుజం, భుజం, అనేవారు. పాపం, నువ్వేమో భుజం కేసు చెప్పమంటున్నారనుకుని చెప్పుకుపోయేదానివి. నేను వెనకాల నిలబడి, హమ్మయ్య అనుకునేదాన్ని."

పిట్ట కుర్చీ అంచు పట్టుకుంది. గుసగుసలాడే ఆ పెదవులు, కష్టపడి ఎత్తిన చూపు, తన గొంతు ఆ చూపు మీదుగా గలగలా పారుతూ పోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళకి కట్టాయి. ఎదురుగా ఉన్న మనిషి భుజం తెగితే కనిపెట్టడమే ఆమె వృత్తి. కాఫీ కప్పు ఎడంచేత్తో అందిస్తే ఇన్ని ఆదివారాలు అందుకుని తాగింది.

"ఏడవకు. బయట జనం ఉన్నారు," అంది పిన్ని.

పిట్ట కళ్ళు తుడుచుకుని, కీలు మార్చే ఆపరేషన్ ఒకటుందని చెప్పింది. బంతి ఉన్నచోట గిన్నె, గిన్నె ఉన్నచోట బంతి పెడతారు, తెగిన కండరం లేకపోయినా చెయ్యి లేస్తుంది, ఆ ఆపరేషన్ తానే చేస్తానంది. పిన్ని ఓపిగ్గా అంతా విని తలడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. ఈ చేత్తో ఇంక ఎత్తాల్సింది ఏముంది?"

ఎంత బతిమాలినా ఆవిడ మాట మార్చుకోలేదు. లేచి వెళ్ళబోతుంటే పిట్ట ఇన్నేళ్ళుగా మనసులో దాచుకున్నది అడిగేసింది.

"పిన్నీ, ఆ రోజు చేతులు కడుక్కునే దగ్గర నన్నొక మాట అన్నారు. దాని గురించి సార్ మీతో ఎప్పుడైనా ఏమైనా అన్నారా?"

పిన్నికి ఆ మాట ఏమిటో తెలుసు. "లేదమ్మా. అనలేదు. అన్నారని అబద్ధం చెప్పమంటే చెబుతాను."

"వద్దు పిన్నీ."

"ఆయనంతే. తప్పని తెలిస్తే నోరు మూసుకునేవారు. నాతో కూడా అంతే, కాపురమంతా," అని పిన్ని ఆమె చెంప మీద ఎడంచెయ్యి వేసి, వెళ్ళింది.

ఆపరేషన్ వద్దన్నా కసరత్తులకి మాత్రం ఒప్పుకుంది. మిగిలిన కండరాలకి కొత్త పని నేర్పించాలి. కొన్ని నెలలకి చెయ్యి ఛాతీ ఎత్తు దాకా లేచింది, అన్నం ముద్ద నోటికి అందింది. అంతకు మించి లేవలేదు. పిట్ట వాళ్ళ వంటింట్లో పై అరల్లో ఉన్న గిన్నెలన్నీ దించి కింద సర్దిపెట్టింది.

ఆదివారాలు ఇప్పటికీ వెళుతుంది. కేసులు చెప్పడం మానేసింది. పిన్ని తనకి తోచినవన్నీ మాట్లాడుతుంది. మధ్యలో ఆగిపోతే పిట్ట అందుకోదు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టేదాకా కూర్చుంటుంది.